బావ గదిలో ఏమీ దాచలేదు

ఉద్దానం గొంతులన్నీ మా బావ తన రికార్డింగు గదిలో భద్రంగా దాచిపెట్టి వెళ్లిపోయాడని పోయిన ఆదివారం కాశీబుగ్గలో సంతాపసభ పెట్టి మరీ చెప్పారు. ఒకాయన నిధి అన్నాడు, ఇంకొకాయన భాండాగారం అన్నాడు, శాలువా తెచ్చినాయన ఎవరికి కప్పాలో తోచక ఫొటోకే కప్పాడు. అదంతా అబద్ధం. కావాలని ఆడిన అబద్ధం కాదు, తెలియక మాట్లాడినదే. కాని తెలియని సంగతి మీద మైకు ముందు అంతసేపు నిలబడకూడదన్న జ్ఞానం, జన్మంతా మైకులు మోసిన మనిషి సభలోనైనా ఉండాలి కదా.

సభ అవగానే కొందరు తిన్నగా ఇంటికే వచ్చి గది తెరవమన్నారు. అక్క, అంటే బావ భార్య, తెరిచింది. రెండు పాత మిషన్లు, చుట్టలు చుట్టిన వైర్లు, చప్పుడు బయటికి పోకుండా గోడలకు కొట్టిన జీడి గోనెలు. పాట ఉన్న క్యాసెట్టు ఒక్కటీ లేదు. మర్నాటికల్లా అక్క క్యాసెట్లన్నీ ఎవరికో అమ్మేసిందన్న మాట బజారంతా తిరిగింది. అందరికన్నా గట్టిగా అన్నవాడు మా చిన్నమ్మ మనవడు. వాళ్ల నాయనమ్మ పాట ఆ గదిలోనే ఉండాలట, అది ఎక్కడికి పోయిందో అక్క చెప్పి తీరాలట. భర్త పోయి నెల తిరగని మనిషిని వీధిలో నిలబెట్టి అడిగాడు.

అందుకే ఇది రాస్తున్నాను. రాయొద్దని అక్క అంది. నేను ఎప్పుడు ఎవరి మాట విన్నాను గనక.

టెక్కలి కాలేజీలో బి.ఏ. అయ్యాక ఉద్యోగం దొరక్క, వచ్చిన సంబంధాలకు తల ఊపక, ఇంట్లో ప్రతివాళ్లతోనూ తగువు పడుతున్న రోజుల్లో మా నాన్న నన్ను ఈ మేనత్త కొడుకు దగ్గర పనికి పెట్టాడు. ఎన్నికల జీపుల మీద మోగే ప్రచారం, నాటకాల వాళ్ల పద్యాలు మాకు తిండి పెట్టేవి. పల్లెల్లో ఆడవాళ్ల పాటలు, జాలర్ల పాటలు మాత్రం బావ తన కోసం తాను చేసుకునేవాడు. పాటల మాటలు రాసిపెట్టడం, పక్కింటి మోటారు ఆపించడం, ఆపకపోతే పోట్లాడటం నా ఉద్యోగం. పాడేవాళ్లు మంచి ఊపులో ఉండగా గూడ్సు బండి వచ్చిందంటే అన్నీ ఆగిపోయేవి, బావ ఆ బండిని పెట్టె పెట్టెకీ ఒక తిట్టు చొప్పున సాగనంపేవాడు. ఎవరైనా ఎకో పెట్టమంటే చాలు, “పాటేటి, నూతిలో పడిపోనాదేటి?” అనేవాడు. ఇవాళ ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా రికార్డింగు గది పెట్టుకున్న ప్రతివాడూ బావే నా గురువంటాడు. ఒక్కడూ ఎకో మానలేదు.

బావకొక నియమం ఉండేది. పాట పాడినవాళ్లదే. రికార్డు అయిన క్యాసెట్టు వాళ్ల చేతిలోనే పెట్టేవాడు, తన దగ్గర నకలు ఉంచుకునేవాడు కాదు. దానికి కారణమూ ఉంది. మొదట్లో ఒక జాలరి ముసలాయన పాటను ఎవరో అడిగితే నమ్మి ఇచ్చాడు, వాళ్లు దాన్ని ఇంకొకరి పేరుతో అమ్ముకున్నారు. ఆ ముసలాయన బస్సులో తన గొంతు తానే విని, ఇది నాదర్రా అంటే, బస్సంతా నవ్విందట. అప్పటి నుంచి బావ మారు మాట విననివాడయ్యాడు. ఒక్క నకలు ఉంచు బావా, తాళం వేసి ఉంచు అని నేను నెలకొకసారైనా పోట్లాడేదాన్ని. గోడతో పోట్లాడినా కాస్త సున్నమైనా రాలేది.

మా చిన్నమ్మ పాట జీడి ఏరేటప్పటి పాట. తోటలో ఆడవాళ్లు ఎవరికెవరూ కనబడనంత దూరం విడిపోతారు గనక ఒకరు ఎత్తుకుంటే అవతలి చెట్ల కింద నుంచి మిగిలినవాళ్లు అందుకుంటారు. దాన్ని గోనెల గదిలో పాడించనని బావ మిషను మోసుకుని తోటకే వెళ్లి, కొమ్మకు మైకు కట్టాడు. చిన్నమ్మ ఎత్తుకుంది. ఆ గొంతు చెట్లలోకి పోయి, ఎక్కడో ఆగి, నలుగురి గొంతులై తిరిగొచ్చేది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న బావ కళ్లు మూసుకున్నాడు. పలాస వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఆఖరికి దారిలో రైలు గేటు పడి ఉన్నా తిట్టలేదు. మర్నాడు క్యాసెట్టు వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచి, ఇంక దీని మీద వేరేదేదీ ఎక్కదని చిన్నమ్మకు ఇచ్చేశాడు.

రెండేళ్లకు వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆశగా ఆ క్యాసెట్టు పెట్టుకున్నాను. పాట లేదు. ఒక పిల్లాడు తా, తా అంటున్నాడు, ఎవరో నవ్వుతున్నారు, మళ్లీ తా, తా. తీసి చూస్తే విరిచిన పలుకు కన్నంలో బీడీకట్ట కాగితం మడిచి కుక్కి ఉంది. ఆ కన్నం మూస్తే మళ్లీ రికార్డవుతుంది. పొరపాటు కాదు, ఎవరినో అడిగి తెలుసుకుని చేసిన పని. నేను అరిచిన అరుపులకు చిన్నమ్మ నింపాదిగా, “నా పాట నా గొంతులోనే ఉంది కదే. ఈ గుంటడి మాటలు రేపుంతాయేటి?” అంది.

బావ దగ్గరకు పరిగెత్తాను. ఆ కాగితం సంగతి విని కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. “ఆమె పాట, ఆమె ఇట్టం. మజ్జిలోన నీకేటే మరదలా?” అన్నాడు. మళ్లీ రికార్డు చేద్దామని నేనే ఇద్దరి వెంటా పడ్డాను. వచ్చే జీడి కాలానికి అంది చిన్నమ్మ. ఆ కాలానికి ఆమెకు దగ్గు పట్టుకుంది, ఆ పై కాలానికి ఆమే లేదు. తర్వాత వచ్చిన తుఫాను ఆ తోటను నేలకు పరిచేసింది, వాళ్లింటి కప్పుతో పాటు ఆ తా, తా కూడా వానలో నాని పోయింది. పడిన చెట్ల మధ్య నిలబడి, ఇంక ఆ పాట ఎవరు పాడినా జవాబు చెప్పేదెవరని బావ అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆ తా, తా అన్నవాడే ఇప్పుడు అక్కను వీధిలో నిలబెట్టి అడిగిన మనవడు. చిన్నమ్మ భయపడ్డట్టు వాడి మాటలేమీ తగ్గలేదు. “నన్నంటే అననీ. నాయనమ్మ పాట మీద ఉన్నది తన గొంతేనని తెలిస్తే ఆడేటైపోతాడు?” అంది అక్క. ఏమీ అయిపోడు. ఒరే నాయనా, మీ నాయనమ్మ తన పాట కన్నా నిన్ను ఎక్కువ అనుకుంది, అంతే. పోయి మా అక్కకు క్షమాపణ చెప్పు.

ఇప్పుడు ఎవరి ఫోనులో చూసినా అన్నీ ఉంటున్నాయి, తుమ్మినా దగ్గినా ఉంటోంది. విలువ తెలియకుండా దాస్తున్నారని మనవాళ్లు సణుగుతారు. నేను సణగలేను. జీడి తోటలు మళ్లీ వేశారు, మొన్న ఆ దారిన వెళ్తే ఆడవాళ్లు ఫోనులో పాట పెట్టుకుని ఏరుకుంటున్నారు; ఎవరిదో పాట, మంచి ఎకోతో.

పాట పాడినవాళ్లదే, ఒప్పుకున్నాను బావా, నువ్వు పోయాక ఒప్పుకున్నాను. కాని ఆరోజు తోట నుంచి పలాస దాకా నోరు విప్పని నీకు, క్యాసెట్టు ఆమె చేతిలో పెట్టే ముందు, ఇంకొక్కసారి వినాలని అనిపించలేదా?