మా బ్యాండ్‌లో బేస్ వాయించిన ఏసోబు

నిన్న పొద్దున నాగూర్ ఫోన్ చేశాడు. "ఏసోబు పోయాడ్రా" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను.

నందిగామ దగ్గర మిర్చి చేలో మోటార్ స్టార్టర్ బాగుచేస్తుంటే షాక్ కొట్టిందట. ముందురోజు వానకి నేలంతా తడి. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

ఇరవై ఆరేళ్లు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఏసోబు జగ్గయ్యపేటలో మోటార్ వైండింగ్ పని చేసేవాడు. మా ముగ్గురి బ్యాండ్‌లో బేస్ గిటార్ వాడిది. డ్రమ్స్ నాగూర్. గిటార్, పాట నేను.

మేం పుట్టకముందు ఇంగ్లండ్ కుర్రాళ్లు వాయించిన పోస్ట్-పంక్ అనే గరుకు రాక్ పాటలు యూట్యూబ్‌లో విని పిచ్చెక్కిపోయాం. "ఈళ్లకీ మనలాగే సరిగ్గా రాదురా. అయినా ఆపట్లా చూడు" అన్నాడు ఏసోబు. అలా మొదలుపెట్టాం. మాటలు మాత్రం మావే. సిమెంటు దుమ్ము, కరెంటు కోత, పనికిరాని డిగ్రీ.

వాడిది సెకండ్‌హ్యాండ్ బేస్. అందులో తీగల చప్పుడు పట్టే పికప్ పాడైతే, షాపులో ఉన్న సన్న రాగితీగతో తనే చుట్టుకున్నాడు. చర్చి అయ్యాక కూర్చుని, మూడు ఆదివారాలు. వాయిస్తే వెనక మోటార్ తిరుగుతున్నట్టు ఒకటే రొద.

వాళ్లమ్మ మరియమ్మగారు ఒకసారి ప్రాక్టీస్‌కి వచ్చి, అరగంట విని, "పాట ఎప్పుడు మొదలవుద్ది నాయనా?" అని అడిగారు. వాడు పడీపడీ నవ్వాడు.

ఇక అసలు సంగతి.

పోయిన నెల మా మొదటి పాట రికార్డ్ చేశాం. ఆ రొద నాకు నచ్చలేదు. వాడికి చెప్పకుండా వాడి ట్రాక్ తీసేసి, కీబోర్డ్‌తో నేనే వాయించి పెట్టాను. వాడు వాయించిన ఫైల్ కూడా డిలీట్ చేసేశాను.

విన్నాడు. ఇయర్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు. "క్లీన్‌గా ఉంది" అన్నాడు.

మళ్లీ ప్రాక్టీస్‌కి రాలేదు. నేనూ పిలవలేదు.

నిన్న సాయంత్రం సమాధి చేసి వస్తుంటే మరియమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మావోడు వాయించింది ఒకటి పెట్టయ్యా, ఇంటాను."

నా ఫోన్‌లో ఆ పాటొక్కటే ఉంది. పెట్టాను.

"ఇందులో మావోడిది ఏది?"

కీబోర్డ్ మోగుతోంది.

"అదేనమ్మా" అన్నాను.

కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. మళ్లీ పెట్టమన్నారు.

మళ్లీ పెట్టాను.

ఈ పోస్ట్ చూపిద్దామన్నా ఆవిడకి చదవడం రాదు. రేపు వెళ్లి నేనే చెప్పాలి. ముందు మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. నువ్వున్నప్పుడు ఒప్పుకోలేదురా.

వెళ్లు ఏసోబూ. అక్కడైనా నీ మనసుకి నెమ్మది దొరకాలి.