ఎర్తు గుంటలో నీళ్లు

ఆ వేసవిలో ఏలూరులో మా ఇంటిల్లిపాదినీ ఉక్కలో కూర్చోబెట్టాను. చర్చిలో నేను వాయించే స్టీల్ గిటార్‌ని కంప్యూటర్లో రికార్డు చేద్దామంటే వెనకాల ఒకటే రొద. ఫ్యానాపాను, ట్యూబ్‌లైటాపాను, ఆఖరికి ఫ్రిజ్జూ ఆపాను. తీగల మీద చెయ్యి ఉన్నంతసేపూ తగ్గేది, తీస్తే మళ్లీ మొదలు. కేబుళ్లు మార్చాను. అయినా పోలేదు.

"ఏవండీ, మీటరు కింద ఎర్తు గుంటలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందండీ?" అంది మా ఆవిడ, పమిటతో విసురుకుంటూ.

ఎర్తు తీగ పాతిన ఆ గుంట ఎండి బీటలు వారింది. ఉప్పు చల్లి, బిందెడు నీళ్లు పోశాను. తడి తగిలి ఎర్తు అందిందేమో, రొద పోయింది.

మళ్లీ వాయించి, ఫ్యాను కింద కూర్చుని అందరం విన్నాం. నా చేతిలోని ఉక్కుకడ్డీ తీగ మీద జారుతూ, సరైన స్వరం దగ్గర ఆగలేక తడుముకోవడం స్పష్టంగా వినిపించింది.

"ఇక ఈ రొదకి ఫ్యాను ఆపినా లాభం లేదండీ," అంది మా ఆవిడ.