డ్రోసోస్ కథలో కోసేసిన ముక్క

టార్పన్ స్ప్రింగ్స్ రేవులో ఎవరినడిగినా నోమికీ ఇల్లు చూపిస్తారు. చూపిస్తూ ఓ నవ్వు కూడా నవ్వుతారు. ఆదివారం చర్చి నుంచి రాగానే చంకలో టేపు రికార్డరు పెట్టుకుని ముసలివాళ్ల వంటిళ్లమీద పడే మనిషిని చూసి నవ్వక ఏం చేస్తారు? ముప్పయ్యేళ్లు స్పాంజి కొట్టులో పనిచేసిందావిడ. సముద్రం అడుగు నుంచి కోసుకొచ్చిన పచ్చి స్పాంజి పడవ మీద కుళ్లి నల్లటి జిగురు కారుతుంటే, ఆ కంపుకి కొత్తవాళ్లు కక్కుకునేవారు. ఆవిడ పక్కనే కూర్చుని రొట్టె, ఆలివ్ కాయలు తినేది. రోతంటే ఏమిటో అప్పటికి ఆవిడకు తెలియదు.

కలిమ్నోస్ అనే గ్రీకు దీవి నుంచి స్పాంజి వేటకని ఈ రేవుకు వలసొచ్చిన తరం ఒక్కొక్కరే రాలిపోతున్నారు. మనవలకు గ్రీకులో తిట్లు, తిండి పేర్లు తప్ప ఏమీ రావు. అందుకే నోమికీ ఆ దీవి యాసలోనే, వాళ్లు అన్నది అన్నట్టుగా, అరవై క్యాసెట్లు నింపింది. అందరూ నోరు విప్పారు, ఒక్క డ్రోసోస్ తప్ప.

డ్రోసోస్ తలకు రాగి టోపీ బిగించుకుని స్పాంజి కోసం సముద్రం అడుగుకు దిగినవాడు. ఇరవై ఆరో ఏట కాళ్లు పడిపోయాయి. బతికినన్నాళ్లూ చేతికర్రే దిక్కు. నోమికీ నాలుగేళ్లు అతని గుమ్మం చుట్టూ తిరిగితే, చివరికి అతనే కబురంపాడు.

"చెప్తాను పిల్లా. ఒక్క ముక్క కూడా తీసెయ్యకూడదు. మీ నాన్న ఎముకల మీద ఒట్టెయ్."

ఒట్టేసింది.

"కెప్టెన్ మాకు తండ్రిలాంటోడు" అని మొదలుపెట్టాడు డ్రోసోస్, పెదవి వంకర తిప్పి. ఆ తండ్రి, కాళ్లు తిమ్మిరెక్కాయని మొత్తుకున్నా వినకుండా ఒకే రోజు మూడోసారి నీళ్లలోకి దింపాడు. పైకి లాగేసరికి నడుం కింద చచ్చుబడింది. ఇసుక తిన్నె మీద మెడదాకా పాతారు. ఆ రోజుల్లో అదే వైద్యం. పాతి, పడవను మళ్లీ వేటకు తీసుకుపోయారు. పీతలు మొహం మీద పాకుతుంటే, నోటితో ఊదుకుంటూ సాయంత్రందాకా ఉన్నాడు. పడవ నిండేదాకా ఇంకో తొమ్మిది రోజులు, కుళ్లే స్పాంజి పక్కన పడేశారే తప్ప ఊరికి తిప్పలేదు. "కన్నబిడ్డని ఏ తండ్రీ అట్టా పాతెయ్యడు" అని ముగించాడు. ఆ నెలలోనే డ్రోసోస్ పోయాడు.

ఆ కెప్టెన్ కొడుకు సకెల్లారిస్ ఇప్పుడు ఊళ్లో ఆ దీవివాళ్ల సంఘానికి అధ్యక్షుడు. రేవులో పాత గిడ్డంగిని ప్రదర్శనశాల చేస్తున్నామనీ, ఫొటో కింద మీట నొక్కితే ఆ మనిషి గొంతే పలుకుతుందనీ చెప్పి క్యాసెట్లు అడిగాడు. డ్రోసోస్‌ది కూడా పెడతావా అని నిలదీసింది నోమికీ. అన్నిటికంటే ముందు అదే పెడతానన్నాడు. పిచ్చిది, పొంగిపోయి అన్నీ ఇచ్చేసింది. నకలు తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

ప్రారంభం రోజున వాకిట్లో కుర్రాళ్లు ఆడారు. కాళ్లు పడిపోయినవాడిలా వణుకుతూ, కర్ర ఊతంగా ఆడే నాట్యం ఒకటుంది ఆ దీవివాళ్లకి. ఏడవలేక ఆడుకున్న నాట్యమది. ఒకడు డ్రోసోస్ కర్రతోనే ఆడాడు. జనం నోటినిండా వేపుడు కుక్కుకుని, నూనె చేతులతో చప్పట్లు కొట్టారు. మొహం తిప్పుకుని లోపలికెళ్లి నోమికీ డ్రోసోస్ ఫొటో కింద మీట నొక్కింది.

"కెప్టెన్ మాకు తండ్రిలాంటోడు."

అంతే. ఆ వెంటనే వయొలిన్.

మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.  ముప్పయ్యేళ్ల కంపు నేర్పని రోత, సెంటు చల్లి తళతళలాడించిన ఆ గదిలో ఆవిడకు తెలిసింది. చచ్చినవాడి నోట్లో వాడు అనని పొగడ్త కుక్కారు.

సకెల్లారిస్ తీపి పళ్లెంతో ఎదురొచ్చాడు. మిగతాది ఏదిరా అనడిగింది. కోసేటప్పుడు టేపు తెగిపోయిందనీ, పారేశామనీ చెప్పాడు. "చిన్నపిల్లలొచ్చే చోటక్కా. పీతలూ కుళ్లూ ఎందుకు? మా నాన్న కూడా మనవాడేగా. తీపి తిను."

ఆ పళ్లెంలో ఉమ్మేసింది నోమికీ.

మర్నాటి నుంచి రోజూ పదింటికల్లా ఆ ఫొటో పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ఎవరైనా మీట నొక్కితే డ్రోసోస్ ఒక్క మాట అంటాడు, వయొలిన్ మొదలవుతుంది. దాన్ని మించిన గొంతుతో అక్కణ్ణుంచి నోమికీ అందుకుంటుంది. మూడో మునక, ఇసుక, పీతలు, తొమ్మిది రోజులు. విని విని కంఠతా వచ్చిందేమో, ఒక్క ముక్క తప్పదు. అర్థం కాలేదు, ఇంగ్లీషులో చెప్పమంటే, ముందు గ్రీకులో పూర్తిగా విను, తర్వాత చెప్తానంటుంది.

సకెల్లారిస్ స్టూలు తీయించాడు. ఆవిడ నిలబడింది. మూడో వారంలో, సిగ్గు విడిచి, మీట కూడా పీకించాడు.

అప్పటినుంచి ఆ మొదటి మాట కూడా నోమికీయే చెబుతోంది, పెదవి వంకర తిప్పి.