అక్క మేలుకుంటే మేలుకున్న చేపలు

దయ్యాలూ గియ్యాలూ అంటే నవ్వి ఊరుకునే రకం కూడా కాదు నేను, చిరాకు పడే రకం. గురజాలలో పొలం మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు నాది. కరెంటు ఉందా లేదా అంటే టెస్టర్ పెట్టి చూడాల్సిందే. ఊహించి చెయ్యి పెడితే చెయ్యి కాలుద్ది. ఏ విషయమైనా నాకు అంతే. అలాంటివాణ్ణి ఎనభైల్లో నాలుగు చేపల ముందు ఓడిపోయాను. ఆ ఉక్రోషం ఇప్పటికీ పోలేదు.

గుంటూరులో ఒక హోటల్ మూసేస్తుంటే, అక్కడ మోటారు పనికి వెళ్ళిన నాకు వాళ్ళ అద్దాల తొట్టి దక్కింది, అందులో ఉన్న నాలుగు ఎర్రచేపలతో సహా. మా వీధిలో అదో వింత. రెప్పలుండవు కాబట్టి చేపలు నిద్రపోవని అందరూ అనేవాళ్ళు. వట్టి మాట. లైటు తీసేసిన కాసేపటికి అవి అడుక్కు దిగి, గులకరాళ్ళ మీద కదలకుండా నిలబడేవి. రంగు కూడా వెలిసిపోయేది. మొదటిసారి చూసి మా ఆవిడ చచ్చాయనుకుని లబోదిబోమంది. పొద్దునకల్లా మళ్ళీ ఎర్రగా తయారై మేత కోసం ఎగబడేవి.

ఒక వేసవిలో మా బావ, అక్క మొగుడు, రాళ్ళ క్వారీలో మందు పేలి చనిపోయాడు. అత్తగారింట్లో అక్కను నష్టజాతకురాలన్నారు. ఆమె కాలు పెట్టిన చోట ఏదీ బతకదన్నారు. వెళ్ళి మా ఇంటికి తెచ్చుకున్నాను. పగలంతా ఏదో ఒక పని చేసేది గానీ, రాత్రి కన్ను మూతపడేది కాదు. నరసరావుపేట డాక్టరు ఇచ్చిన బిళ్ళలు కూడా పనిచెయ్యలేదు. తొట్టి ఉన్న గదిలోనే మంచం వేశాం. తెల్లవార్లూ దాని మీద కూర్చునుండేది.

కొన్నాళ్ళకు అక్కే కనిపెట్టింది, చేపలు నిద్రపోవడం లేదని.

నేను నమ్మలేదు. టార్చిలైటుకు జేబురుమాలు చుట్టి చూశాను. చీకట్లో నాలుగూ పైనే తిరుగుతున్నాయి. పోనుపోను మేత కూడా సరిగ్గా తినడం మానేశాయి.

"చూశావా తమ్ముడూ, నోరులేని జీవాల్ని కూడా చంపుకు తినేట్టున్నా. నన్ను ఆ ఇంట్లోనే దింపిరా" అంది.

ఆ ఇంట్లో ఆమెకు తిండి కంటే తిట్లే ఎక్కువ. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. అక్క మీద కాదు, ఆ పిచ్చి ఆమె తలకెక్కించిన వాళ్ళ మీద.

నీళ్ళు మార్చాను. గాలి పంపు ఆపి చూశాను. తొట్టికి దుప్పటి కప్పాను. అక్క అడుగుల అదురుకు లేస్తున్నాయేమోనని మంచం దిగొద్దన్నాను. పాపం, రాత్రంతా గోడ వైపు తిరిగి బొమ్మలా పడుకుంది. చేపలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. "మీకేం పోయేకాలం వచ్చిందే, పడుకు చావండి!" అని వాటిని తిట్టాను కూడా. మా ఆవిడ పక్కున నవ్వింది. దాంతో ఇంకా మండింది.

చివరకు అక్కతో పందెం వేశాను. ఒక్క రాత్రి నకరికల్లులో చిన్నమ్మ ఇంట్లో పడుకునిరా, నువ్వు లేకపోయినా ఇవి మేలుకునే ఉంటాయి, అప్పుడు నోరు మూసుకుని ఇక్కడే ఉండాలి అన్నాను. అవి పడుకుంటే మాత్రం తను ఆ ఇంటికి వెళ్ళిపోతానని, ఆపొద్దని అంది. సరేనన్నాను. జబ్బు చేపలదేనని నాకంత ధీమా.

అక్క బస్సెక్కిన రాత్రి లైటు తీశాను. కాసేపటికే నాలుగూ అడుక్కు దిగి, వెలిసిపోయి, కదలకుండా నిలబడ్డాయి. కావాలని గదిలో దబదబా నడిచాను. ఒక్కటీ ఉలకలేదు. అక్క మంచం మీద కూర్చుని తల పట్టుకున్నాను. నా పందెమే నా అక్కను గడప దాటిస్తోందని ఏడుపొచ్చింది.

మర్నాడు ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి నేను చెప్పులు వెతుక్కుంటున్నాను. మా ఆవిడే అంట్లు తోముతూ అందుకుంది.

"పడుకున్నాయి వదినా, హాయిగా పడుకున్నాయి. అయితే ఏంది? ఇన్నాళ్ళూ మేమిద్దరం గుర్రుపెట్టి నిద్రపోతుంటే, నీకు తోడు మేలుకుంది అయ్యేగా! ఇంకెవరన్నా మేలుకున్నారా నీకోసం?"

అక్క తొట్టి దగ్గరికెళ్ళి అద్దం మీద చెయ్యి పెట్టింది. "నాకోసమా?" అంది. బావ పోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏం చెయ్యాలో తోచక నేను కొట్టుకు వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం అన్నానికి వచ్చాను. మా ఆవిడ నీళ్ళకు పోయింది. కిటికీలోంచి ఎండ నేరుగా గదిలో పడుతోంది. అక్క మంచం మీద నోరు తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ నిద్రపోతోంది. తొట్టిలోకి చూశాను. నాలుగు చేపలూ పట్టపగలు, అంత వెలుతుర్లో, రంగు వెలిసి అడుగున నిలబడి ఉన్నాయి.

అలిసిపోయి పడుకున్నాయందామంటే, ముందు రాత్రంతా నిద్రపోయినవేగా! ఆ తర్వాత అక్క మెల్లగా రాత్రిళ్ళు నిద్రపోసాగింది, చేపలూ దారిలో పడ్డాయి. ఆమె మళ్ళీ అత్తగారింటి మాటెత్తలేదు. నాకు కావలసింది అదే, కాదనను. కానీ ఎందుకలా జరిగిందో ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఎవర్నన్నా పిలిచి చూపిద్దామంటే, కేకేస్తే అక్క లేస్తుంది. అద్దం మీద కొట్టి చూద్దామన్నా లేస్తుంది. గిన్నె మూత చప్పుడవుద్దని అన్నం కూడా పెట్టుకోలేదు. ఆకలితో, చిరాకుతో చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, ఎవ్వరూ లోపలికి పోకుండా గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.