తిథి లేని మనిషికి రెండో ఆకు

కార్తీక బహుళ పంచమి, సోమవారం. తెల్లారినా మా పక్కింటి మామ్మ అరుగు మీదకు రాలేదు. నిద్రలోనే పోయింది. పంతులుగారు తిథి రాసుకుంటుంటే తట్టింది: ఆ ఇంట్లో ఒక చావుకు తిథి దొరకడం ఇదే మొదలు.

మామ్మ పెళ్లయిన రెండో ఏడు, మన కొండల్లో రైతుకూలీల తిరుగుబాటు నడిచిన రోజుల్లో, పోలీసులు ఆమె భర్తను ఇంటి ముందే జీపెక్కించారు. మళ్లీ మనిషీ రాలేదు, శవమూ రాలేదు. ఏళ్ల తర్వాత సర్కారు నుంచి ఒక కాగితం వచ్చింది. దాన్ని నాచేత చదివించుకుంటూ, ‘ఆచూకీ తెలియదు’ అన్నచోట ఆపింది.

“ఆసూకీ అంటే ఏటే గుంటా?”

“జాడ, మామ్మా.”

“ఎక్కించుకెల్లినోల్లకి జాడ తెలకపోడమేటే? ఆ జీపు దానంతటదే ఎలిపోనాదా?”

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నచ్చిన మాటలు రాసుకునే నా నోటుపుస్తకంలో ‘ఆచూకీ’ ఉండేది. ఆ రోజే కొట్టేశాను.

పెళ్లిళ్లలో ఆమెను విధవ అని వెనక కూర్చోబెట్టారు. ఆఫీసుకు వెళ్తే, మొగుడు చచ్చినట్టు రుజువేదని తిప్పి పంపారు. ఊరు ఒకలా, సర్కారు ఒకలా మామ్మను చంపుకుతిన్నాయి.

ప్రతి అమావాస్యకూ మామ్మ పిట్టగోడ మీద అన్నం ముద్ద పెట్టేది. కాకిని మాత్రం పిలిచేది కాదు.

“పిలిత్తే సచ్చిపోనాడని నాను ఒప్పేసుకున్నట్టే. సంపినోల్లే ఒప్పుకోనేదు, నానెందుకు ఒప్పుకోవాల?” అనేది. ఒకసారి మాత్రం గొంతు తగ్గించి, “నాను పోయాక ఇద్దరికీ ముద్దెట్టండి. ఆ మనిషి ఆకలికి ఆగలేడు” అంది.

రేపు పదోరోజు. ఈ సాయంత్రం ఆ మాట చెబితే, కర్మ చేస్తున్న ఆమె మరిది గయ్యిమన్నాడు.

“సచ్చిన రోజు తెలీనోడికి పిండమేటే? మల్లీ పోలీసోల్ల గొడవ నాకొద్దు.”

“నీ అన్నే కదా తాతా!”

ఆయన లేచి వీధి తలుపు గడియ పెట్టొచ్చాడు. నా కోపం ఆయన మీద కాదు. యాభై ఏళ్ల నాటి జీపు చప్పుడు ఒక ముసలాయన గుండెల్లో ఇంకా ఆగలేదంటే, ఆ భయం నింపినవాళ్ల మీద.

మామ్మ తిథే ఆమె భర్తకూ తిథి. రేపు పొద్దున్నే నాగావళి ఒడ్డుకు రెండో విస్తరాకు నేను పట్టుకెళ్తాను. తాత చెయ్యి రాకపోతే ముద్ద నేనే పెడతాను. మామ్మ పిలవని కాకిని గొంతెత్తి పిలుస్తాను.