రెండో ముంత

ఓవర్సీరు ఖాసిం వలికి ఒక్కటే పిచ్చి. ఏ స్థలం కొలవడానికి వెళ్ళినా, కొలత గొలుసు విప్పేలోపల అక్కడి బావి నీళ్ళు రెండు ముంతలు తాగాలి. దాహం లేకపోయినా తాగాలి, వానలో తడుస్తూ అయినా తాగాలి. ఒకసారి తుంగభద్రలో మోకాటిలోతు నిలబడి కొలతలు తీస్తూ, దగ్గర్లో బావి లేదని మైలు దూరం నడిచి తాగి వచ్చాడని చెప్పుకుంటారు.

అది కర్నూలు రాజధాని అయిన ఏడాది. ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయి. గుమాస్తాలకు ఎనభై ఇళ్ళు కట్టాలని ఊరిబయట పడిపోయిన పాత సరాయి స్థలం చూశారు. ప్లాన్లు గీయడానికి రాయచోటి నుంచి శేషన్న వచ్చాడు. చురుకైనవాడే. అయినా మొదటి వారమంతా ఖాసిం వలిని అర్థం చేసుకోవడానికే చాలలేదు.

"చక్కెర జబ్బా సార్?" అని మర్యాదగా అడిగాడు.

"అది మా అత్తకుండాది. నాకు లేదప్పా."

"మరి రెండు ముంతలెందుకు?"

"ఒకటి నాలికకు. రెండోది కడుపుకు."

శేషన్న అర్థమైనట్టు తలూపాడు. ఏమీ అర్థం కాలేదు.

సెలవు చీటీలు ఇంకా వింతగా ఉండేవి. "గడ్డివాముల సందు బావి కారణంగా ఒక పూట సెలవు ఇప్పించగలరు." కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరుగారు ఆ చీటీని మూడుసార్లు చదివారు.

"బావి కారణంగా అంటే? అందులో పడ్డాడా?"

"లేద్సార్. అదే ఆయన లోపల పడింది" అన్నాడు శేషన్న.

ఇది చాలదన్నట్టు, కొన్ని బావుల ఒరల మీద సున్నంతో అడ్డగీతలు కనిపించాయి. ఏమిటవి అని అడిగితే "పని గుర్తులప్పా" అన్నాడు ఖాసిం వలి. పని అంటే సర్వే పనే అనుకున్నాడు శేషన్న. పదకొండు గుర్తుల్నీ నల్లసిరాతో ప్లానులోకి ఎక్కించేశాడు.

సరాయి మధ్యలో ఒక దిగుడుబావి ఉంది. ఇంజనీరుగారు దాని మెట్లు చూశారు.

"ఓవర్సీరూ, దీని మీద శాసనమేమైనా ఉందా?"

"రాయి మీద రాత లేద్సార్."

"అయితే కాపాడేందుకేం లేదు. సోమవారం పూడ్పించు."

"ఒక ముంత తాగి సూడండి సార్."

"నేను కట్టడానికి వచ్చానయ్యా, తాగడానికి కాదు."

ఖాసిం వలి మెట్లు దిగి, తానే తాగి పైకొచ్చాడు. ఈసారి ఏడు ముంతలు. శేషన్న లెక్కపెట్టి మరీ కలవరపడ్డాడు.

శనివారం పూడికకు ఎంత మట్టి కావాలో కొలవడానికి శేషన్న బావి దగ్గరికి వెళ్ళాడు. పునాదుల పనికి ఆలూరు నుంచి వచ్చిన హంపమ్మ కడవ ముంచుతోంది.

"మీ గుడిసెల పక్కనే బావి ఉండాది కదక్కా. ఇంత దూరమెందుకు?"

"దానికి సున్నం గీత ఉండాది కదప్పా."

"అది కొలత గుర్తు."

"ఎవరు సెప్పిరి నీకు? సాయిబు మాకోసం ఏసిండేది. గీతుంటే తాగొద్దని. పోయిన నెల పిలకాయలకు వాంతులు పట్టుకుండె. అప్పుట్నించి ఆయప్ప ముందు తాను తాగి, రెండు దినాలు సూసి మాకు సెప్తాడు." కడవ నెత్తికెత్తుకుంది. "ఇదొక్కటే మంచిది. దీన్నీ పూడిస్తే రెండు మైళ్ళు నడవాల. బొమ్మ గీసేటోనివి, ఈ బావినట్లే ఉంచి గీయగూడదా?"

ప్లాను అప్పటికే ఇంజనీరుగారి బల్ల మీదికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే శేషన్నకు ఇంజనీరుగారి నుంచి పిలుపు వచ్చింది.

"ఏమిటీ గుర్తులు? సర్వే గుర్తులంటే ఒక్కటీ వరసలోకి రాదే. తాగి గీశావా?"

"నేను తాగలేద్సార్. ఓవర్సీరు తాగినాడు."

"ఏమిటి?"

"బావి నీళ్ళు సార్. ఈ పదకొండూ తాగి, జబ్బుపడి, చెడ్డవని గుర్తు పెట్టినాడు. కూలోళ్ళు తాగకుండా."

ఇంజనీరుగారు ప్లాను మీదికి వంగి గుర్తులు లెక్కపెట్టారు. "మధ్యలో గీత లేనిది ఒకటుందే."

"అదొక్కటే మంచిది సార్."

"దాన్నేగా మనం..."

"అవున్సార్. ఈ పొద్దే."

"మరి రేపు ఈ ఎనభై ఇళ్ళవాళ్ళు ఏం చేస్తారు?"

"సెలవు చీటీలు రాస్తారు సార్."

ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత పెన్సిలు తీసుకుని ఇళ్ళ వరసను నలభై అడుగులు వెనక్కి జరిపారు. రెండు ఇళ్ళు తగ్గాయి. బావి నిలిచింది.

మధ్యాహ్నం ఖాసిం వలి వచ్చాడు. సంతోషిస్తాడని శేషన్న ప్లానును ఆయన ముందు పరిచాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మూల నుంచి మూలకు చూసి, ఏడో గుర్తు మీద వేలు పెట్టాడు.

"ఇది నాలుగడుగులు పడమరకు పోవాలప్పా."

"బావి నిలిచింది సార్. అది చూడండి."

"నిలిచె, సరే. మేస్త్రీ నీ గీత సూసే గోడ లేపుతాడు. గీత తప్పితే ఇల్లు పోయి బావి నెత్తిన కూసుంటాది."

శేషన్న బ్లేడు తీసి ఆరిన సిరాను గీకసాగాడు. ఖాసిం వలి పక్కన కూర్చుని, ప్లాను కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.