పొట్ట మీద గిద్ద

మొన్న మా మేడమీద వాటాలో అద్దెకున్న అమ్మాయి నెలల బిడ్డని పక్కనేసుకుని, ఫోనులో ఎవరో చెబుతుంటే వెల్లకిలా పడుకుని ఊపిరి పీలుస్తూ వదులుతూ కనిపించింది. డబ్బు కట్టి నేర్చుకుంటోందట. ఊపిరికి కూడా ఫీజేమిటని నోటిదాకా వచ్చింది గాని, పాతికేళ్ళ కిందటి మా పెద్దమ్మాయి పురుడు గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆ పని నేర్పడానికి నేను పడ్డ విసుగు పగవాళ్ళకి కూడా వద్దు.

మేమప్పుడు సామర్లకోటలో ఉండేవాళ్ళం. పురుడయ్యాక అమ్మాయి మంచం మీంచి లేవబోతే పొట్ట నడిమధ్య దోసకాయలా ఉబ్బేది. డాక్టరమ్మగారు నొక్కి చూసి, కండరాలు విడిపోయాయి, అవి దగ్గరపడేదాకా బరువులెత్తకూడదు, ముందు ఊపిరితోనే పొట్టకి బలం తేవాలి అన్నారు. పీల్చినప్పుడు పొట్ట పైకి రావాలి, మెల్లిగా వదులుతూ లోపలికి లాక్కోవాలి. ఇంతే. మూడో తరగతి చదివిన నాకు అర్థమైంది గాని బి.ఎస్సీ. పాసైన మా అమ్మాయికి ఎక్కలేదు. పీల్చమంటే పొట్ట బిగించేది, వదలమంటే బయటికి తోసేది. చీర కట్టినప్పుడల్లా పొట్ట లోపలికి పెట్టమని అలవాటు చేశాం కదా, అది వదలదు. మూడో నెలలో తీసుకెళ్తామని అత్తవారి కబురు. వాళ్ళది మొగల్తూరు దగ్గర పల్లె. మంచినీళ్ళు దూరంనుంచి బిందెలతో మోసుకోవాలి. ఈ పొట్టతో బిందె ఎత్తితే ఏమవుతుందోనని నాకు అన్నం సహించేది కాదు.

చివరికి బియ్యం కొలిచే ఇత్తడి గిద్ద తీసి అమ్మాయి పొట్ట మీద పెట్టాను. గిద్ద లేస్తే పీల్చినట్టు, దిగితే వదిలినట్టు. అది చూసి అమ్మాయికి నవ్వు. నవ్వితే గిద్ద గచ్చు మీద ఖంగుమని పడడం, ఆ చప్పుడుకి పసివాడు లేవడం. మళ్ళీ మొదటికి. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "దిష్టికాండీ? బియ్యం పొయ్యడం మర్చిపోయారు" అంది.

అందరినీ మించింది మా వియ్యపురాలు. వచ్చినప్పుడల్లా పాత పంచె చింపి నడుముకి బిగించి కట్టేసేది. అలా కడితే పొట్ట కదలదు. ఆవిడ బస్సుకి బయల్దేరగానే నేను విప్పేదాన్ని. ఒకసారి సంచీ మర్చిపోయి వెనక్కొచ్చి చూసేసింది. "విప్పేస్తున్నారా వదినగారూ? నలుగుర్ని కని నా నడుం ఇలాగే నిలబెట్టుకున్నానండి" అంది. దగ్గొస్తే ఆవిడ చెయ్యి పొత్తికడుపు మీదికి పోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ మాట పైకి అనలేదు. పిల్లనిచ్చుకున్నవాళ్ళం.

పంచాంగం చూసి పెట్టిన రోజు వచ్చేసింది. ఉబ్బు తగ్గిందిగాని పోలేదు. కారు వాకిట్లో ఉంది. అమ్మాయి చాప మీది పసివాణ్ణి ఎత్తుకుంటూ ఊపిరి బిగబట్టింది. వియ్యాలవారందరి ముందూ "ఊపిరి వదులు" అని కేకేశాను. అల్లుడు తల దించుకున్నాడు. అమ్మాయి నా వంక చూసి, వాణ్ణి మళ్ళీ పడుకోబెట్టి, మోకాళ్ళు వంచి, నోటితో గాలి మెల్లిగా వదులుతూ ఎత్తుకుంది.

వియ్యపురాలు కాసేపు చూసి, "నీళ్ళ బిందెలు మావాడు మోస్తాళ్ళెండి వదినగారూ, మీ కేక మొగల్తూరుదాకా రాకుండా" అంది.

కారు మలుపు తిరిగాక కూడా నా విసుగు తీరలేదు. మంచిరోజుకేం, పంతులుగారు కూచున్న చోటునే చూసిపెట్టారు. ఆ పొట్ట కూడుకోవడానికి పై వేసంగిదాకా పట్టింది. ఒళ్ళు ఎవరి తొందరా వినదు, తల్లి తొందరైనా సరే.